ఈమెయిల్లో తెలుగు మాటని పట్టాలంటే ముందు మెయిల్‌ని విప్పాలి

మెయిల్లో "ఆన్‌లైన్ లాటరీ" అన్న మాట కనిపిస్తే దాన్ని పక్కన పడెయ్యమని రెగెక్స్‌తో, అంటే నమూనా ఇచ్చి మాటల్ని వెతికే పద్ధతితో, ఒక రూల్ రాశారనుకోండి. ఇంగ్లీషు మాటకి అలాంటి రూల్ రాస్తే చాలావరకు ఇబ్బంది లేకుండా పనిచేస్తుంది. తెలుగుకి వచ్చేసరికి ఒక మెయిల్ దొరుకుతుంది, అచ్చం అలాంటిదే ఇంకోటి తప్పించుకుంటుంది, రెండూ తెరిచి పక్కపక్కన పెట్టి చూస్తే అక్షరం కూడా తేడా ఉండదు. దాంతో కొందరు "రెగెక్స్‌కి తెలుగు రాదు" అని తేల్చేసి వదిలేస్తారు, ఇంకొందరు తెలుగు మెయిళ్లన్నిటినీ గంపగుత్తగా స్పామ్ కిందకి తోసేస్తారు, ఇది ఇంకా అన్యాయం. రెగెక్స్ తప్పేం లేదు. మన కంటికి కనిపించే అక్షరాలు వేరు, మెయిల్ ఫైల్లో ఉండే బైట్లు (0 నుంచి 255 దాకా ఉండే నంబర్లు) వేరు. మీ రూల్ ఈ రెండిట్లో దేన్ని చూస్తోందో తెలుసుకోకుండా రాస్తే ఫలితం ఇలాగే ఉంటుంది.

సొంత మెయిల్ సర్వర్ నడిపేవాళ్లకి, ఫిర్యాదుల మెయిల్‌బాక్స్‌ని మాటల్ని బట్టి విభాగాలకి పంచేవాళ్లకి, పాత మెయిళ్ల గుట్టలో ఏదో ఒకటి వెతకాల్సినవాళ్లకి ఇది పనికొస్తుంది. టూల్ ఏదైనా పని జరగాల్సిన వరస మాత్రం మారదు: బైట్లు చదవాలి, ట్రాన్స్‌ఫర్ ఎన్‌కోడింగ్ విప్పాలి, క్యారెక్టర్ సెట్ ప్రకారం అక్షరాలుగా మార్చాలి, హెచ్‌టీఎంఎల్ ఉంటే ఒలిచెయ్యాలి, ఒకే మాటకి ఉన్న రకరకాల రూపాల్ని ఒక్క రూపానికి తేవాలి, అదంతా అయ్యాకే రెగెక్స్ నడపాలి. ఇందులో ఒక్క మెట్టు దాటేసినా కొన్ని మెయిళ్లు జారిపోతాయి.

పచ్చి మెయిల్లో ఎందుకు వెతకకూడదు

ఈమెయిల్ ఫార్మాట్‌ని 1982లో ఆర్‌ఎఫ్‌సి 822 (ఇంటర్నెట్ నియమాల పత్రాల్ని ఆర్‌ఎఫ్‌సిలంటారు) ఖాయం చేసినప్పుడు అందులో ఇంగ్లీషు అక్షరాలకి తప్ప ఇంకేదానికీ చోటు లేదు, ఏడు బిట్ల ఆస్కీ, అంతే. మిగతా ప్రపంచం కోసం 1992లో మైమ్ వచ్చింది. అది పాత దారినే ఉంచి, ఆ దారిలో పట్టేలా అక్షరాల్ని చుట్టి పంపే పద్ధతి పెట్టింది. అందుకే ప్రతి మెయిల్లో రెండు పొరలుంటాయి, ఈ రెండిటినీ కలిపేసుకోవడం వల్లే సగం గందరగోళం. మొదటిది క్యారెక్టర్ సెట్, అంటే ఏ బైటు ఏ అక్షరమో చెప్పేది, యూటీఎఫ్-8 లాంటిది. రెండోది ట్రాన్స్‌ఫర్ ఎన్‌కోడింగ్, అంటే ఆ బైట్లని దారిలో పాడవకుండా ఆస్కీలోకి ఎలా చుట్టారో చెప్పేది, బేస్64 గానీ కోటెడ్-ప్రింటబుల్ గానీ. విప్పేటప్పుడు రెండోదాన్ని ముందు, మొదటిదాన్ని తర్వాత విప్పాలి.

ప్రపంచ భాషల అక్షరాలకి నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగు గళ్లు హెక్స్ (పదహారు ఆధారంగా ఉండే) లెక్కలో 0సి00 నుంచి 0సి7ఎఫ్ దాకా ఉన్నాయి. యూటీఎఫ్-8లో వీటిలో ప్రతి ఒక్కటీ మూడు బైట్లు: మొదటి బైటు ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177, మూడోది మాత్రమే మారుతుంది. ఇక్కడ "ఒక్కటి" అంటే మనం అక్షరం అనుకునేది కాదు, కోడ్ పాయింట్. హల్లు ఒకటి, గుణింతపు గుర్తు ఇంకొకటి, పొల్లు ఇంకొకటి, అన్నీ విడివిడిగా లెక్క. "లాటరీ" మూడక్షరాల మాటే గానీ లోపల ఐదు కోడ్ పాయింట్లు, అంటే పదిహేను బైట్లు. అదే మాట బేస్64లో ఇరవై ఆస్కీ అక్షరాలవుతుంది. కోటెడ్-ప్రింటబుల్లో బైటుకి మూడేసి చొప్పున నలభై ఐదవుతుంది.

ఇప్పుడు చిక్కు చూడండి. కోటెడ్-ప్రింటబుల్లో ఒక లైను 76 అక్షరాలు దాటకూడదు, దాటబోతే చివర = గుర్తు పెట్టి కింది లైనుకి వెళ్లాలి. తెలుగు కోడ్ పాయింట్ ఒక్కోటి తొమ్మిది అక్షరాలు కాబట్టి లైనుకి ఎనిమిది పడతాయి, అంతే. మాట మధ్యలో విరగడం మామూలైపోతుంది, లైను లైనుగా చూసే టూల్‌కి ఆ మాట ఎప్పటికీ దొరకదు. బేస్64లో కథ ఇంకోలా ఉంటుంది. అది బైట్లని మూడేసి పోగులుగా తీసుకుని నాలుగేసి అక్షరాలు చేస్తుంది. తెలుగు కోడ్ పాయింట్ కూడా సరిగ్గా మూడు బైట్లే కాబట్టి మాట మెయిల్ మొదట్లో ఉంటే పోగులు కుదురుగా పడతాయి, కానీ మధ్యలో ఒక్క స్పేసో కామానో వచ్చిందంటే (అవి ఒక బైటే) అక్కణ్నుంచి అంతా ఒక బైటు జరిగిపోతుంది, ఇంకో స్పేస్ వస్తే మళ్లీ జరుగుతుంది. కాబట్టి "లాటరీ" అన్న ఒక్క మాటకి బేస్64లో మూడు వేర్వేరు రూపాలు, అది మెయిల్లో ఎన్నో బైటు దగ్గర మొదలైందన్న దాన్ని బట్టి. దానికి తోడు లైను విరుపులు. ఈ మూడు రూపాలకీ మూడు ప్యాటర్న్‌లు రాసి గెలుద్దామని చూసేవాళ్లున్నారు, దయచేసి ఆ దారిలో వెళ్లకండి.

ఒక మాట ఇక్కడే చెప్పాలి. మెయిల్ టెక్స్ట్‌ని బేస్64లో పెట్టడం ఏదో దాచిపెట్టే ప్రయత్నమని భావించి స్పామ్ మార్కులు వేసే ఫిల్టర్లు ఉన్నాయి. తెలుగుకి బేస్64లో నాలుగు అక్షరాలు పట్టేచోట కోటెడ్-ప్రింటబుల్లో తొమ్మిది పడతాయి, కాబట్టి ఏ మెయిల్ ప్రోగ్రామ్ అయినా తెలుగుకి బేస్64నే ఎంచుకోవడం సహజం. మీ ఫిల్టర్‌లో అలాంటి రూల్ ఉంటే దాని బరువు తగ్గించండి. లేకపోతే తెలుగులో ఉత్తరం రాసిన ప్రతివాళ్లకీ ఊరికే శిక్ష పడుతుంది.

సబ్జెక్ట్ లైన్ సంగతి

సబ్జెక్ట్ లాంటి పైభాగపు లైన్లని హెడర్లంటారు, కింది అసలు ఉత్తరాన్ని బాడీ అంటారు. హెడర్లకి బాడీ రూల్స్ వర్తించవు, వాటికి వేరే పద్ధతి ఉంది, ఆర్‌ఎఫ్‌సి 2047. =? తో మొదలై, క్యారెక్టర్ సెట్ పేరు, తర్వాత బేస్64కి బి, కోటెడ్ రకానికి క్యూ, తర్వాత అసలు సరుకు, చివర ?= తో ముగిసే ముక్క ఒకటి ఉంటుంది. ఆ ముక్క మొత్తం 75 అక్షరాలు దాటకూడదు. తల, తోక తీసేస్తే యూటీఎఫ్-8 బేస్64 ముక్కలో సరుకుకి మిగిలేది అరవై అక్షరాలు, అంటే 45 బైట్లు, అంటే పదిహేను తెలుగు కోడ్ పాయింట్లు. ఇది చాలా చిన్న చోటు. "స్త్రీ" ఒక్కదానికే ఆరు పోతాయి.

"మీకు ఆన్‌లైన్ లాటరీ తగిలింది" అన్న సబ్జెక్ట్ తీసుకుందాం. "మీకు" పన్నెండు బైట్లు, స్పేస్ ఒకటి, "ఆన్‌లైన్" ఇరవై నాలుగు (పొల్లు తర్వాత కనిపించని గుర్తు ఒకటుంది, దాని సంగతి తర్వాత), ఇంకో స్పేస్, మొత్తం 38. ముక్కలో మిగిలింది ఏడు బైట్లు. కాబట్టి చివరంటా నింపే ప్రోగ్రామ్ అయితే "లా" మొదటి ముక్కలో, "టరీ" రెండో ముక్కలో పడతాయి. చదివేవాళ్లు రెండు ముక్కల మధ్య ఉన్న స్పేస్‌నీ లైను విరుపునీ పారేసి కలపాలని రూలు. అది పాటించని కోడ్ చేతిలో ఇది "లా టరీ" అవుతుంది, మీ ప్యాటర్న్ తప్పుతుంది. అంతకన్నా చెడ్డది ఇంకోటుంది. అక్షరాన్ని ముక్కల మధ్య విరవకూడదని అదే రూలు చెబుతున్నా కొన్ని ప్రోగ్రామ్‌లు పట్టించుకోకుండా సరిగ్గా 45 బైట్ల దగ్గర నరికేస్తాయి, అప్పుడు "ట" మొదటి బైటు ఇటు, మిగిలిన రెండు అటు. ఏ ముక్కకి ఆ ముక్కని అక్షరాలుగా మారిస్తే "ట" స్థానంలో నల్ల డైమండ్‌లో ప్రశ్న గుర్తులు వస్తాయి. మందు సులువే: పక్కపక్కన ఉన్న, ఒకే క్యారెక్టర్ సెట్ ఉన్న ముక్కల బైట్లని ముందు కలిపి, తర్వాత ఒక్కసారే అక్షరాలుగా మార్చండి. పైథాన్ ఈమెయిల్ ప్యాకేజీలో హెడర్ మాడ్యూల్‌లో ఉన్న డికోడ్ హెడర్ ఫంక్షన్ ఇలాగే బైట్లు కలుపుతుంది, అందుకే పాతదైనా నాకు ఇప్పటికీ అదే ఇష్టం.

క్యూ రకంలో స్పేస్‌ని అండర్‌స్కోర్‌గా రాస్తారు, అది కూడా తిరిగి స్పేస్ అవ్వాలి. 2012లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 6532 ప్రకారం హెడర్‌లో నేరుగా యూటీఎఫ్-8 బైట్లు కూడా ఉండొచ్చు, చుట్టడం ఏమీ లేకుండా. కాబట్టి మీ కోడ్ రెండిటికీ సిద్ధంగా ఉండాలి. అటాచ్‌మెంట్ ఫైల్ పేర్లకి ఇంకో పద్ధతి, ఆర్‌ఎఫ్‌సి 2231, అందులో బైట్లు % గుర్తుతో వస్తాయి, పేరు పొడుగైతే నంబర్లు వేసి ముక్కలు చేస్తారు. దాన్ని పాటించకుండా సబ్జెక్ట్ పద్ధతినే ఫైల్ పేరులో పెట్టే ప్రోగ్రామ్‌లు బోలెడు, రెండూ చూసుకోండి.

బాడీని అక్షరాలుగా మార్చడం

పైథాన్‌లో అయితే మెయిల్ ఫైల్‌ని టెక్స్ట్‌గా కాదు, బైనరీగా తెరవండి. టెక్స్ట్‌గా తెరిచారంటే మొదటి అడుగులోనే పైథాన్ ఏదో ఒక క్యారెక్టర్ సెట్ ఊహించేసుకుంటుంది, మెయిల్లో రెండు భాగాలు రెండు వేర్వేరు సెట్లలో ఉంటే ఇక అంతే. మెసేజ్ ఫ్రమ్ బైనరీ ఫైల్ అన్న ఫంక్షన్‌కి డిఫాల్ట్ పాలసీ ఇచ్చి చదివించండి. ఆ పాలసీ మనంతట మనం చెప్పకపోతే పైథాన్ పాత పద్ధతిలోకి వెళ్తుంది, సబ్జెక్ట్ అడిగితే విప్పకుండా =? తో సహా చేతికిస్తుంది. తర్వాత ప్రతి టెక్స్ట్ భాగం దగ్గరా గెట్ కంటెంట్ వాడితే అక్షరాలుగా ఇచ్చేస్తుంది, మామూలు మెయిళ్లకి అది చాలు. కానీ క్యారెక్టర్ సెట్ లేబుల్ తప్పుగా ఉన్న మెయిళ్లు వస్తాయనుకుంటే (వస్తాయి) గెట్ పేలోడ్‌ని డికోడ్ ట్రూ అని పిలిచి బైట్లే తీసుకోండి, క్యారెక్టర్ సెట్ సంగతి మీ చేతుల్లో పెట్టుకోండి.

లేబుల్‌ని ఎంతవరకు నమ్మాలి? నా లెక్క ఇది. లేబుల్ లేకపోయినా, ఆస్కీ అని ఉన్నా, ఐఎస్‌ఓ-8859-1 అని ఉన్నా, విండోస్-1252 అని ఉన్నా, ఎవరికీ తెలియని పేరు ఉన్నా, ముందు కఠినంగా యూటీఎఫ్-8గా చదివి చూడండి, తప్పు రాకపోతే అదే తీసుకోండి. ఇది ధైర్యంగా చెయ్యొచ్చు, ఎందుకంటే యూటీఎఫ్-8కి గట్టి వ్యాకరణం ఉంది: 224 వచ్చిందంటే దాని వెనక 160 నుంచి 191 లోపు బైటు ఒకటి, దాని వెనక 128 నుంచి 191 లోపు ఇంకోటి వచ్చి తీరాలి. నిజమైన ఫ్రెంచి ఉత్తరమో జర్మన్ ఉత్తరమో పొరపాటున ఈ వ్యాకరణంలో ఇమడటం దాదాపు జరగదు. తప్పు వస్తే విండోస్-1252గా చదవండి. ఐఎస్‌ఓ-8859-1 అని రాసి ఉన్నా విండోస్-1252గానే చదవాలి, బ్రౌజర్లు కూడా అదే చేస్తాయి, లేకపోతే వంకర కొటేషన్ గుర్తులు కంట్రోల్ క్యారెక్టర్లయి మీ ప్యాటర్న్‌ని పాడుచేస్తాయి. ఇక లేబుల్ ఇంకేదైనా అయితే దాన్ని నమ్మి కఠినంగా చదవండి, తప్పు వస్తే యూటీఎఫ్-8, అదీ కాకపోతే అదే లేబుల్‌తో పాడైన చోట ప్రశ్న గుర్తు పెట్టి చదివి ఆ సంగతి లాగ్‌లో రాయండి. పాడైన బైట్లని చప్పుడు చెయ్యకుండా పారేసే ఇగ్నోర్ ఆప్షన్ మాత్రం వద్దు. అది రెండు మాటల్ని అతికించి లేని మాటని పుట్టించగలదు. జీబీ2312 అని ఉన్న చైనీస్ మెయిల్‌ని జీబీ18030గా, షిఫ్ట్-జిస్ అని ఉన్న జపనీస్ మెయిల్‌ని సీపీ932గా చదివితే ఎక్కువ మెయిళ్లు బాగుపడతాయి, ఆ దేశాలతో ఉత్తరాలు నడిపేవాళ్లకి పనికొస్తుంది.

తెలుగు చెడిపోయి వచ్చినప్పుడు

దారిలో ఎవరో తెలుగు యూటీఎఫ్-8ని విండోస్-1252 అనుకుని చదివి, ఆ చెత్తని మళ్లీ యూటీఎఫ్-8గా పంపిస్తే, మీ చేతికొచ్చేది లేబుల్ సరిగ్గా ఉన్న చెత్త. దీన్ని గుర్తుపట్టడం తేలిక. తల మీద వాలుగీత ఉన్న ఇంగ్లీషు ఎ (à), దాని పక్కన ° గానీ ± గానీ, ఈ జంట మూడు అక్షరాలకోసారి వస్తూ ఉంటుంది. 224, 176, 177 బైట్లు ఆ సెట్లో అవే కాబట్టి. బాగుచెయ్యడానికి ఆ చెత్తని తిరిగి విండోస్-1252 బైట్లుగా మార్చి, యూటీఎఫ్-8గా చదవాలని ఎక్కడ చూసినా సలహా ఉంటుంది.

తెలుగుకి ఆ సలహా ఉన్నదున్నట్టు పనిచెయ్యదు, కారణం తెలుసుకోవడం అవసరం. విండోస్-1252లో 129, 141, 143, 144, 157 అన్న ఐదు గళ్లు ఖాళీ. తెలుగులో కొమ్ము గుర్తు మూడో బైటు 129. పొల్లు మూడో బైటు 141. ఏ, ఐ, ఝ లకి మిగతా మూడు. కొమ్మూ పొల్లూ లేకుండా తెలుగు వాక్యం రాయడం ఎవరి తరమూ కాదు కాబట్టి పైథాన్ విండోస్-1252 కోడెక్ దాదాపు ప్రతి తెలుగు వాక్యం దగ్గరా ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. అందుకని మొత్తం వాక్యాన్ని ఒక్కసారి మార్చకుండా ఒక్కో అక్షరం తీసుకోండి: విండోస్-1252లో దానికి బైటు ఉంటే అది వాడండి, లేకపోతే దాని కోడ్ విలువ 256 కన్నా తక్కువైతే ఆ విలువనే బైటుగా తీసుకోండి, ఎక్కువైతే ఇది ఆ రకం చెడిపోవడం కాదని వదిలెయ్యండి. బైట్లన్నీ కలిపి కఠినంగా యూటీఎఫ్-8గా చదవండి. తెలుగు గళ్లలో పడితేనే బాగుపడినట్టు, లేకపోతే పాతదే ఉంచండి. దారిలో ఆ ఐదు బైట్లని ఎవరైనా పారేసి ఉంటే మాత్రం కొమ్ములూ పొల్లులూ పోయినట్టే, ఆ మెయిల్‌కి ఇక మందు లేదు.

అను ఫాంట్లలో టైప్ చేసిన తెలుగు ఇలాంటిది కాదు, రెండిటినీ కలిపేసుకోవద్దు. డీటీపీ సెంటర్లలో, పత్రికల పనిలో అది ఇంకా బతికే ఉంది, దాన్ని కాపీ చేసి మెయిల్లో అతికిస్తే అర్థంకాని లాటిన్ గుర్తులే వస్తాయి. అక్కడ చెడిపోయిందేమీ లేదు, అసలు అందులో తెలుగు కోడ్ అంటూ ఎప్పుడూ లేదు, ఆ ఫాంట్ వేస్తేనే తెలుగులా కనిపించే గుర్తులు అవి. క్యారెక్టర్ సెట్లు ఎన్ని మార్చినా లాభం ఉండదు. ఆ ఫాంట్ నుంచి యూనికోడ్‌కి మార్చే కన్వర్టర్ ఒక్కటే దారి. రోమన్ లిపిలో రాసిన తెలుగుకి కూడా విడిగా ప్యాటర్న్‌లు రాసుకోవాల్సిందే, దానికి ఎన్‌కోడింగ్‌తో సంబంధం లేదు.

అక్షరాలు వచ్చేశాక కూడా

హెచ్‌టీఎంఎల్ మెయిల్ అయితే "లాటరీ" ఇలా రావచ్చు: &#3122;&#3134;&#3103;&#3120;&#3136; బ్రౌజర్ దాన్ని చక్కగా చూపిస్తుంది, మీ ప్యాటర్న్‌కి అందులో ఒక్క తెలుగు అక్షరం కనపడదు. ముందు ట్యాగులు తీసెయ్యండి, తర్వాత ఈ నంబర్లని అక్షరాలు చెయ్యండి. వరస తిరగేస్తే < గుర్తు కోసం రాసిన ఎంటిటీ ట్యాగయిపోయి, వెనకాల ఉన్న టెక్స్ట్‌ని మింగేస్తుంది. పేరాలు, డివ్‌లు, లైను విరుపుల ట్యాగుల స్థానంలో స్పేస్ పెట్టండి, బోల్డ్, స్పాన్ లాంటివాటి స్థానంలో ఏమీ పెట్టకండి, ఎందుకంటే మాట మధ్యలో ఖాళీ స్పాన్ పెట్టి ఫిల్టర్‌ని దాటడం స్పామర్లకి పాత అలవాటు.

తర్వాతది నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించే మెట్టు. "ఆన్‌లైన్" అని రాయడానికి ఎన్ని దారులున్నాయో చూడండి. పొల్లు తర్వాత ల వత్తుగా కిందకి దిగిపోకుండా ఆపడానికి చాలామంది జీరో విడ్త్ నాన్ జాయినర్ అనే కనిపించని గుర్తు పెడతారు, దాని కోడ్ 200సి. "సాఫ్ట్‌వేర్", "వెబ్‌సైట్" అన్నీ ఇదే బాపతు. కొన్ని కీబోర్డులు దాన్ని తమంతట తామే పెడతాయి, కొన్ని పెట్టవు, కొందరికి అలాంటిది ఒకటుందనే తెలియదు, వాళ్లు "ఆన్లైన్" అని రాస్తారు. చదివేవాడికి రెండూ ఒకటే, రెగెక్స్‌కి రెండూ వేరే మాటలు. ఐత్వం గుర్తు ఇంకో చిక్కు: దానికి 0సి48 అన్న ఒక్క కోడ్ ఉంది, అదే గుర్తుని ఎత్వం 0సి46, దాని కింద వచ్చే తోక 0సి56 అని రెండుగా కూడా రాయొచ్చు, తెర మీద తేడా ఉండదు. "లై" ఇలా రెండు రకాలుగా రావచ్చు. మధ్యలో స్పేస్ కూడా మామూలు స్పేస్ కాకుండా లైను విరవనివ్వని 00ఎ0 రకం కావచ్చు, వర్డ్ నుంచి అతికించిన టెక్స్ట్‌లో అది ఉండే అవకాశం ఎక్కువ.

వీటన్నిటికీ కలిపి ఒక చిన్న ఫంక్షన్ రాసుకోండి. ముందు ఎన్‌ఎఫ్‌సి నార్మలైజేషన్ (ముక్కలుగా రాసిన గుర్తుల్ని ఒక్క కోడ్‌గా కలిపే యూనికోడ్ పద్ధతి) చెయ్యండి, పైథాన్‌లో యూనికోడ్‌డేటా మాడ్యూల్ చేసిపెడుతుంది, దాంతో ఐత్వం ఒక్క రూపానికి వస్తుంది. తర్వాత 200బి, 200సి, 200డి, ఎఫ్‌ఈఎఫ్‌ఎఫ్, 00ఎడి అన్న కనిపించని గుర్తులు తీసెయ్యండి. ఎన్ని రకాల ఖాళీలున్నా, లైను విరుపులున్నా ఒక్క మామూలు స్పేస్ చెయ్యండి. ఈ ఫంక్షన్‌ని మెయిల్ టెక్స్ట్ మీదే కాదు, మీ ప్యాటర్న్ మీద కూడా నడపండి, ఎందుకంటే మీరు టైప్ చేసిన ప్యాటర్న్‌లో కూడా మీ కీబోర్డు ఆ కనిపించని గుర్తు పెట్టి ఉండొచ్చు. ఇలా శుభ్రం చేసిన కాపీ వెతకడానికి మాత్రమే. అసలు మెయిల్‌ని ముట్టుకోవద్దు, డిజిటల్ సంతకాలు చెడిపోతాయి, రాసినవాళ్ల తెలుగు కూడా చెడిపోతుంది.

మాట హద్దులు

ఇంగ్లీషు అలవాటులో అందరూ మాటకి రెండువైపులా బ్యాక్‌స్లాష్ బి, అంటే మాట హద్దు గుర్తు, పెడతారు. పైథాన్‌తో వచ్చే రీ మాడ్యూల్‌లో తెలుగుకి ఇది తలకిందులుగా పనిచేస్తుంది. ఆ మాడ్యూల్ దృష్టిలో హల్లులు, అచ్చులు మాటలో భాగం, గుణింతపు గుర్తులూ పొల్లూ కావు. "లాటరీ" చివర ఉన్నది గుడిదీర్ఘం, దాని తర్వాత స్పేస్, రెండూ మాటలో భాగం కానివే, కాబట్టి అక్కడ హద్దు లేదంటుంది, ప్యాటర్న్ దొరకదు. అదే "లాటరీలో" అయితే గుడిదీర్ఘం తర్వాత ల వచ్చింది, అక్కడ హద్దు ఉందంటుంది, దొరికేస్తుంది. విడిగా ఉన్న మాట తప్పించుకుంటుంది, ప్రత్యయం తగిలిన మాట పట్టుబడుతుంది. బ్యాక్‌స్లాష్ డబ్ల్యూతో (మాటలో భాగమయ్యే అక్షరం అని దాని అర్థం) మాటలు విడగొట్టినా ఇదే గోల, "లాటరీ" కాస్తా ల, టర అని తుంపులవుతుంది. జావాస్క్రిప్ట్‌లో ఆ డబ్ల్యూకి తెలుగు హల్లు కూడా కనిపించదు, ఆస్కీ ఒక్కటే.

కాబట్టి హద్దులు మీరే రాసుకోండి. ఎడమవైపు "దీనికి ముందు 0సి00 నుంచి 0సి7ఎఫ్ లోపు ఏదీ ఉండకూడదు" అన్న నెగటివ్ లుక్‌బిహైండ్ పెడితే చాలు. కుడివైపు అసలు హద్దు పెట్టొద్దని నా సలహా, ఎందుకంటే మన భాషలో విభక్తులు మాటకి అతుక్కునే ఉంటాయి: లాటరీలో, లాటరీకి, లాటరీని, లాటరీవాళ్లు. అయితే మాట హల్లుతో ముగిసేదైతే జాగ్రత్త పడాలి. "కల" అని వెతికితే "కలిసి" లో కూడా దొరుకుతుంది, క, ల పక్కపక్కనే ఉన్నాయి కాబట్టి, గుడి ఆ తర్వాత వేరే కోడ్ పాయింట్ కాబట్టి. అలాంటి చోట్ల "దీని తర్వాత 0సి3ఇ నుంచి 0సి56 లోపు గుర్తు రాకూడదు" అన్న నెగటివ్ లుక్‌అహెడ్ పెట్టండి, సున్నా వద్దనుకుంటే 0సి02 కూడా చేర్చండి. ఇంకో పక్క, చివరి కొమ్ము మారిపోయే మాటలున్నాయి, బ్యాంకు అనీ బ్యాంక్ అనీ రెండూ రాస్తారు, అక్కడ "బ్యాంక" వరకే వెతికి వదిలెయ్యడం మంచిది.

రెడీమేడ్ టూల్స్ ఏం చూస్తాయి

పోస్ట్‌ఫిక్స్ అనే మెయిల్ సర్వర్ ప్రోగ్రామ్‌లోని హెడర్ చెక్స్, బాడీ చెక్స్ ఏదీ విప్పవు. విప్పని రూపానికే రూల్ రాయాలని దాని డాక్యుమెంటేషన్‌లోనే రాసి ఉంది. బాడీ చెక్స్ అయితే ఒక్కో లైనే చూస్తుంది. తెలుగు మాటల కోసం వాటిని వాడకండి. సబ్జెక్ట్ తెలుగులో మొదలైందా అన్నది మాత్రం ఒక మోస్తరుగా కనిపెట్టొచ్చు: బేస్64లో తెలుగు ఎప్పుడూ 4, తర్వాత ఇంగ్లీషు పెద్ద ఎల్, తర్వాత పెద్ద సి గానీ పెద్ద జి గానీ, ఈ మూడిటితో మొదలవుతుంది. కానీ పోస్ట్‌ఫిక్స్ టేబుళ్లు మామూలుగా పెద్దా చిన్నా అక్షరాలకి తేడా చూడవు, బేస్64లో ఆ తేడాయే ప్రాణం, కాబట్టి ఐ ఫ్లాగ్ పెట్టి ఆ మతిమరుపు ఆపాలి. ఇలా పట్టిన మెయిల్‌ని ఇంకో ఫిల్టర్‌కి పంపించండి లేదా లాగ్‌లో రాయించండి, రిజెక్ట్ మాత్రం చెయ్యకండి, అలా చేస్తే ఒక భాష మొత్తాన్ని గుమ్మం బయట నిలబెట్టినట్టు.

స్పామ్‌అసాసిన్ అనే స్పామ్ ఫిల్టర్‌లో బాడీ రూల్స్ విప్పి, హెచ్‌టీఎంఎల్ తీసేసి చూస్తాయి, సబ్జెక్ట్‌ని కూడా కలుపుకుంటాయి, మనకి కావాల్సింది అదే. రాబాడీ ట్రాన్స్‌ఫర్ ఎన్‌కోడింగ్ విప్పుతుంది గానీ ట్యాగులు ఉంచేస్తుంది, ఫుల్ అయితే పచ్చి మెయిలే. నార్మలైజ్ చార్‌సెట్ అన్న సెట్టింగ్ 4.0 నుంచి మామూలుగానే ఆన్‌లో ఉంటుంది, అంతకు ముందు వెర్షన్ వాడుతుంటే మీరే ఆన్ చెయ్యండి, దాంతో అన్నీ యూటీఎఫ్-8కి వస్తాయి. ఒక్క మెలిక: ఇక్కడ ప్యాటర్న్ అక్షరాల మీద కాదు, యూటీఎఫ్-8 బైట్ల మీద నడుస్తుందని గుర్తుపెట్టుకుని రాయండి. [లర] అని రాస్తే ల లేదా ర అని కాదు, ఆ ఆరు బైట్లలో ఏదో ఒక్కటి అని. "ు?" అని రాస్తే కొమ్ము ఉన్నా లేకపోయినా అని కాదు, కొమ్ము చివరి బైటు ఉన్నా లేకపోయినా అని. చుక్క కూడా ఒక బైటే. కాబట్టి స్క్వేర్ బ్రాకెట్లు మానేసి (?:ల|ర) అనీ (?:ు)? అనీ గుంపులుగా రాయండి. కనిపించని 200సి కోసం కూడా అలాంటి గుంపే ఒకటి పొల్లుల తర్వాత పెట్టండి. రూల్స్ ఫైల్ యూటీఎఫ్-8లోనే సేవ్ అయ్యిందో లేదో చూసుకోండి.

సీవ్ (మెయిల్ ఫిల్టర్ రూల్స్ రాసే భాష) వాడే సర్వర్లలో పని సుఖం. 2008 నాటి ఆర్‌ఎఫ్‌సి 5228 ప్రకారం హెడర్లని విప్పి యూటీఎఫ్-8లో పోల్చాలి, బాడీ ఎక్స్‌టెన్షన్‌లో టెక్స్ట్ రకం ఎంచుకుంటే బాడీకీ అలాగే. కనిపించని గుర్తుల్ని అది తియ్యదు కాబట్టి కంటెయిన్స్ పక్కన లిస్టు ఇచ్చి "ఆన్‌లైన్ లాటరీ", "ఆన్లైన్ లాటరీ" రెండూ రాయండి.

పరీక్ష మెయిళ్లు

రూల్ పెట్టే ముందు ఒకే వాక్యంతో కొన్ని మెయిళ్లు తయారుచేసి పెట్టుకోండి: బేస్64 బాడీ ఒకటి, అదే వాక్యం ముందు ఒక స్పేస్, రెండు స్పేస్‌లు పెట్టి ఇంకో రెండు, కోటెడ్-ప్రింటబుల్ ఒకటి, పొడుగు సబ్జెక్ట్ రెండు ముక్కలైంది ఒకటి, అక్షరం మధ్యలో నరికిన సబ్జెక్ట్ ఒకటి, &# నంబర్లతో హెచ్‌టీఎంఎల్ ఒకటి, 200సి ఉన్నదీ లేనిదీ, ఐత్వం రెండుగా ఉన్నది, ఐఎస్‌ఓ-8859-1 అని అబద్ధపు లేబుల్ ఉన్న యూటీఎఫ్-8, రెండుసార్లు చుట్టి చెడిపోయినది. వీటిని మెయిల్ ప్రోగ్రామ్‌తో కాకుండా స్క్రిప్టుతో బైట్లుగా రాయండి, ప్రోగ్రామ్ అయితే మీకు తెలియకుండానే సరిచేసేస్తుంది. వీటి పక్కనే దొరక్కూడని మెయిళ్లు కూడా అన్నే పెట్టండి, మామూలు తెలుగు ఉత్తరాలు, ఆఫీసు వాళ్లు పంపే నోటీసులు, పెళ్లి శుభలేఖలు, పిల్లలు అమ్మమ్మకి రాసినవి. రూల్ మార్చిన ప్రతిసారీ రెండు గుంపులూ నడపండి. రెండో గుంపులో ఒక్కటి పట్టుబడినా ఆ రూల్‌ని సర్వర్ మీదకి పంపకండి.